వచ్చే నెల ఎన్‌ఆర్‌పీ ఉందని నిద్ర పట్టని చెల్లికి

చెల్లీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఏరియా ఆసుపత్రి లేబర్ రూమ్‌లో రెండేళ్లుగా స్టాఫ్ నర్సువి, వచ్చే నెల, పుట్టగానే ఊపిరి అందని బిడ్డకి ఊపిరి పోయడం నేర్పే రెండు రోజుల ఎన్‌ఆర్‌పీ అడ్వాన్స్‌డ్ కోర్సుకి పంపుతున్నారు, పుస్తకమంతా ఇంగ్లిషు, రాత పరీక్ష ఎలాగోలా రాసేస్తావు గానీ బిడ్డ బొమ్మ ముందు నిలబడి నిజం కేసులా చేసి చూపించే సీనారియో తలుచుకుంటేనే కాళ్లు వణుకుతున్నాయి, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగావు. చివర్లో గల్ఫ్‌కి వెళ్తే ఇది పనికొస్తుందా అని ఓ ముక్క కలిపావు. అన్నిటికీ చెబుతాను, కాకపోతే నా వరసలో చెబుతాను. పదిహేడేళ్లు లేబర్ రూమ్‌లోనూ ఎస్‌ఎన్‌సీయూలోనూ, అంటే జబ్బు పసిపిల్లల వార్డులోనూ తిరిగాను, ఈమధ్య కొన్నేళ్లుగా ఇలాంటి కోర్సుల్లో బొమ్మ పక్కన నిలబడి నేర్పుతున్నాను, ఎవరు ఎక్కడ తడబడతారో బాగా తెలుసు.

మొదటి వారం పుస్తకం తెరవకు. నిజంగానే అంటున్నాను. బిడ్డని వెచ్చగా ఉంచే మీ వార్మర్ పక్కన, చేత్తో నొక్కి ఊపిరి ఇచ్చే బ్యాగ్ ఉంటుంది, అది తీసుకో, డ్యూటీ ఖాళీగా ఉన్నప్పుడు దాన్ని ముక్కలు ముక్కలుగా విప్పు, మళ్లీ బిగించు. ఏ వాల్వ్ ఎటు కూర్చుంటుందో, రిజర్వాయర్ ఎక్కడ తగిలించాలో, ప్రెషర్ ఎక్కువైతే గాలి వదిలేసే పాప్-ఆఫ్ వాల్వ్ ఏదో చేతికి తెలియాలి. బిగించాక మాస్క్ వైపు అరచేత్తో గట్టిగా మూసి నొక్కి చూడు. చేతికి ఒత్తిడి తగలాలి, ఇంకా గట్టిగా నొక్కితే పాప్-ఆఫ్ వాల్వ్ బుస్సుమనాలి, వదిలేస్తే బ్యాగ్ వెంటనే ఉబ్బాలి. ఈ మూడూ చూడటానికి పది సెకన్లు చాలు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే ఒకసారి నాకు దెబ్బ తగిలింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో నైట్ డ్యూటీ. బిడ్డ పుట్టాడు, మెత్తగా గుడ్డపేలికలా ఉన్నాడు, ఊపిరి లేదు. మాస్క్ పెట్టి నొక్కుతున్నాను, నొక్కుతూనే ఉన్నాను, ఛాతీ కదలదు. నా చేతిలోనే తప్పుందనుకుని తల సర్దాను, మాస్క్ సర్దాను, మళ్లీ నొక్కాను. చివరికి ఆయమ్మ ఆపరేషన్ థియేటర్‌కి పరిగెత్తి ఇంకో బ్యాగ్ తెచ్చి ఇచ్చింది, దాంతో రెండు మూడు నొక్కులకే ఛాతీ లేచింది, బాబు ఏడ్చాడు. తర్వాత చూస్తే మొదటి బ్యాగ్‌ని కడిగి బిగించినవాళ్లు లోపలి చిన్న వాల్వ్ పెట్టడం మరిచిపోయారు. నేను కూడా డ్యూటీ ఎక్కినప్పుడు పరీక్షించలేదు. ఆ నిమిషంన్నర గుర్తొస్తే ఇప్పటికీ అరచేతులు చెమర్చుతాయి. అందుకే నా దగ్గర కోర్సు చేసేవాళ్లని ముందు బ్యాగ్ పరీక్షించమంటాను, పరీక్షించకుండా సీనారియో మొదలుపెట్టినవాళ్లకి బొమ్మ ఛాతీ లేవట్లేదనే చెబుతాను. వాళ్లకి కోపం వస్తుంది, రానీ.

బ్యాగ్ తర్వాత మాస్క్. నెలలు నిండిన బిడ్డకి 1 సైజు, చిన్న బిడ్డకి 0 సైజు. గడ్డం కొసని, నోటిని, ముక్కుని కప్పాలి, కళ్ల మీదికి రాకూడదు. ముందు గడ్డం మీద ఆనించి తర్వాత ముక్కు మీదికి వాల్చు. బొటనవేలు, చూపుడువేలు మాస్క్ అంచు మీద సీ ఆకారంలో, మిగతా మూడు వేళ్లు దవడ ఎముక మీద. ఇక్కడే అందరూ చేసే తప్పు, దవడ కింద మెత్తటి కండలో వేళ్లు గుచ్చి పట్టడం. అలా పడితే నాలుక పైకి నెట్టుకుపోయి దారి మూసుకుంటుంది. మాస్క్‌ని మొహం మీదికి అదమడం కాదు, దవడని మాస్క్ లోకి ఎత్తాలి. గాలి ఎక్కువగా లీకయ్యేది ముక్కు పక్కనుంచి, చెంపల దగ్గర్నుంచి. తల మరీ వెనక్కి విరవకు, మరీ ముందుకి వంచకు, ఏదో వాసన పీలుస్తున్నట్టు గడ్డం కాస్త ఎత్తి ఉండాలి. భుజాల కింద చిన్న గుడ్డ మడిచి పెడితే ఆ పొజిషన్ దానంతటదే వస్తుంది, ముఖ్యంగా తల వెనక వాపున్న బిడ్డలకి.

వేగం గురించి. నిమిషానికి 40 నుంచి 60 అని పుస్తకంలో ఉంటుంది, టెన్షన్‌లో మనవాళ్లు తొంభై కొడతారు. పైకి అంటూ చెయ్యి: "బ్రీత్, టూ, త్రీ, బ్రీత్, టూ, త్రీ". బ్రీత్ అన్నప్పుడే నొక్కాలి, టూ త్రీకి వదలాలి. మొదటి ప్రెషర్ 20 నుంచి 25 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి, బ్యాగ్‌కి ఒత్తిడి చూపే మానోమీటర్ ఉంటే చూసుకో, లేకపోతే ఛాతీయే నీ మానోమీటర్. మామూలుగా పడుకున్న బిడ్డ ఊపిరి తీస్తే ఎంత లేస్తుందో అంతే లేవాలి, కోడిపుంజులా ఎగసిపడకూడదు.

ఇప్పుడు అసలు సంగతి, ఇది పట్టుకుంటే పుస్తకంలో సగం అర్థమైనట్టే. పెద్దవాళ్లకి గుండెపోటు వస్తే గుండె ఆగి తర్వాత ఊపిరి ఆగుతుంది, అందుకే అక్కడ ముందు ఛాతీ నొక్కుతాం. పుట్టిన బిడ్డ కథ తిరగబడి ఉంటుంది. కడుపులో ఉన్నన్నాళ్లూ ఊపిరితిత్తుల్లో నీరే, ఆక్సిజన్ మాయ నుంచి వస్తుంది. బయటికి వచ్చాక ఆ నీటిని నెట్టి గాలి నిండితేనే ఊపిరితిత్తుల రక్తనాళాలు తెరుచుకుంటాయి. గాలి అందకే గుండె నెమ్మదిస్తుంది, గుండె నిజంగా చెడిపోయిన బిడ్డలు చాలా అరుదు. కాబట్టి హార్ట్ రేట్ 70 ఉందంటే ఆ బిడ్డ అడుగుతున్నది గాలి. వంద మంది పుడితే అయిదు నుంచి పదిమందికి ఊపిరి అందించడంలో ఏదో ఒక సాయం కావాలి, ఛాతీ నొక్కడం, మందులు ఇవ్వడం దాకా వెళ్లేది వెయ్యికి ఒకరో ముగ్గురో. అయినా కోర్సుకి వచ్చే నర్సులు మాస్క్ మీద పదినిమిషాలు, అడ్రినలిన్ డోసు మీద రెండు రాత్రులు గడుపుతారు.

బ్యాగ్ మొదలుపెట్టాక 15 సెకన్లకి హార్ట్ రేట్ పెరుగుతోందా అని చూడాలి. పెరిగితే కొనసాగించు. పెరగకపోతే అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, ఛాతీ లేస్తోందా? లేవకపోతే ఎం-ఆర్-ఎస్-ఓ-పి-ఏ, మేం ముద్దుగా మిస్టర్ సోపా అంటాం. నేను తెలుగులో ఇలా చెప్పుకునేదాన్ని: మాస్క్ సర్దు, తల సర్దు, అయిదు ఊపిర్లిచ్చి చూడు, నోరు, ముక్కు సక్షన్ చెయ్యి, నోరు కొంచెం తెరిచి పట్టు, అయిదు ఊపిర్లిచ్చి చూడు, ప్రెషర్ అయిదూ పదీ చొప్పున పెంచు, నెలలు నిండిన బిడ్డకి 40 దాటకు, చూడు, అప్పటికీ లేవకపోతే శ్వాసనాళంలోకి ట్యూబో, గొంతులో కూర్చునే లారింజియల్ మాస్కో పెట్టాలి. ఎక్కడ ఛాతీ లేచిందో అక్కడే ఆగి, "ఛాతీ లేస్తోంది" అని పైకి చెప్పి, అక్కణ్నుంచి 30 సెకన్లు లెక్కపెట్టుకో. ఈ పాయింటు మీద చాలామంది మార్కులు పోగొట్టుకుంటారు. ఛాతీ లేవకుండా గడిచిన 30 సెకన్లు లెక్కలోకి రావు. లేచాక 30 సెకన్లు ఇచ్చిన తర్వాత కూడా రేటు 60 లోపే ఉంటేనే కంప్రెషన్లు, అంటే ఛాతీ నొక్కడం, వీలైతే ముందు ట్యూబ్ వేసి.

చేతుల తర్వాత నోరు. నీ వణుకు ఎక్కువగా దీని గురించే అనుకుంటా. మన చదువుల్లో, మన వార్డుల్లో నర్సు మౌనంగా పని చేస్తేనే మంచి నర్సు. డాక్టరుగారు అడిగితేనే చెప్పాలి. సీనారియోలో అదే అలవాటుతో నిలబడితే నువ్వు మనసులో అన్నీ సరిగ్గా అనుకున్నా పక్కనున్న మాకు వినపడదు, వినపడనిది చెయ్యనట్టే లెక్క. హార్ట్ రేట్ చూస్తే వేలితో టేబుల్ మీద కొట్టి చూపించు లేదా "ఆరు సెకన్లలో ఏడు, అంటే డెబ్బై" అని గట్టిగా చెప్పు. ఎవరైనా ఏదైనా అడిగితే అదే మాట తిరిగి చెప్పి, అయ్యాక అయిందని చెప్పు. మొదటి నోటిమాట ఎప్పుడూ నాలుగు ప్రశ్నలే: గర్భం ఎన్ని వారాలు, ఉమ్మనీరు తేటగా ఉందా, ఇంకేమైనా రిస్కులు ఉన్నాయా, బొడ్డుతాడు ఎప్పుడు కట్ చేద్దామనుకుంటున్నారు. ఈ నాలుగూ అడక్కుండా గ్లవ్స్ వేసుకున్నవాళ్లని చూస్తే మాకు అప్పుడే తెలిసిపోతుంది, పుస్తకం బట్టీ పట్టారుగానీ లేబర్ రూమ్‌ని తలుచుకోలేదని.

ఇది పరీక్ష కోసం మాత్రమే అనుకోకు. రాత్రి రెండింటికి పెద్ద డాక్టరుగారు బ్యాగ్ పట్టుకుని ఉంటే, ఛాతీ లేవట్లేదని నీకు కనిపిస్తుంది, ఆయనకి కనిపించదు, ఎందుకంటే ఆయన కళ్లు మాస్క్ మీద ఉన్నాయి. అప్పుడు "సార్, ఛాతీ లేవట్లేదు" అనగలవా? మూడు మాటలు. మర్యాదగానే ఉన్నాయి, తప్పు పట్టినట్టూ లేదు. ఇంట్లో అద్దం ముందు నిలబడి ఈ మూడు మాటలు పదిసార్లు అను. నవ్వొస్తుంది, నాకూ వచ్చింది.

మొదటి నిమిషం గురించి రెండు ముక్కలు. బిడ్డ రాగానే మూడు ప్రశ్నలు: నెలలు నిండాయా, కండ బిగువుగా ఉందా, ఏడుస్తోందా లేక ఊపిరి తీస్తోందా. మూడింటికీ అవునంటే తల్లి ఒంటిమీదే పడుకోబెట్టి తుడువు. కాదంటే వార్మర్ మీదికి తెచ్చి వెచ్చగా ఉంచి, తుడిచి, తడిగుడ్డ తీసేసి, వీపు నిమిరి, తల సర్ది, అవసరమైతేనే సక్షన్, ముందు నోరు తర్వాత ముక్కు. ఇదంతా అయినా ఊపిరి లేకపోతే లేదా ఎగశ్వాస ఉంటే లేదా రేటు 100 లోపు ఉంటే పుట్టిన 60 సెకన్ల లోపే బ్యాగ్ మొదలవ్వాలి. గోల్డెన్ మినిట్ అని ఊరికే అనలేదు. అప్గార్ స్కోరు కోసం ఎదురుచూడకు. వర్జీనియా అప్గార్ అనే మత్తు డాక్టరు 1952లో ఆ స్కోరు తయారుచేసింది బిడ్డ స్థితిని రాసుకోవడానికి, బ్యాగ్ ఎప్పుడు పట్టాలో చెప్పడానికి మాత్రం అది పనికిరాదు. ఒక నిమిషం స్కోరు వేసేటప్పటికి నువ్వు బ్యాగ్ నొక్కుతూ ఉండాలి.

సీనియర్ల దగ్గర నేర్చుకున్న కొన్ని అలవాట్లు కోర్సు గుమ్మం దగ్గరే వదిలెయ్యాలి. కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయడం, వీపు మీద చరచడం, పుట్టిన ప్రతి బిడ్డకీ సక్షన్ చేయడం. ఉమ్మనీరు పచ్చగా ఉండి బిడ్డ మెత్తగా ఉంటే ఒకప్పుడు వెంటనే ట్యూబ్ వేసి మెకోనియం, అంటే బిడ్డ కడుపులోనే చేసిన మొదటి మలం, లాగేవాళ్లం, నేనూ ఎన్నో కేసుల్లో గొంతులోకి చూసే లారింగోస్కోప్ అందించాను. 2015 మార్గదర్శకాల నుంచి అది రొటీన్‌గా చెయ్యొద్దన్నారు, దారి మూసుకుపోయిందనిపిస్తే తప్ప. అలాంటి బిడ్డకీ మొదటి పనులు అవే, తర్వాత బ్యాగే. మీ సీనియర్ సిస్టర్ ఇంకా పాత పద్ధతే చెబితే వాదన పెట్టుకోకు, ఈ కోర్సు అయ్యాక ఆవిడని కూడా పంపమని సూపరింటెండెంట్‌ని అడుగు.

ఆక్సిజన్ కూడా అంతే. గర్భం 35 వారాలు, ఆపైన అయితే 21 శాతం, అంటే మామూలు గాలితోనే మొదలు. 35 వారాల లోపు అయితే 21 నుంచి 30. బిడ్డ రంగు చూసి ఆక్సిజన్ పెంచకు, మన చామనఛాయ పిల్లల్లో రంగు చూసి చెప్పడం పెద్ద డాక్టర్లకే కష్టం, పైగా చేతులు కాళ్లు కాసేపు నీలంగా ఉండటం మామూలే. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ప్రోబ్ కుడి చేతికే పెట్టాలి. ఆ శాతం ఎంత ఉండాలో గుర్తుపెట్టుకోవడానికి నా చిట్కా: ఒకటో నిమిషానికి 60-65, తర్వాత నిమిషానికో అయిదు కలుపుకుంటూ పో, రెండుకి 65-70, అలా అయిదో నిమిషానికి 80-85. పదో నిమిషానికి 85-95. కాయితం మీద రాసి వార్మర్‌కి అతికించు, బట్టీ పట్టాల్సిన పనే ఉండదు.

కంప్రెషన్లు. రెండు చేతులతో ఛాతీని చుట్టి, రెండు బొటనవేళ్లతో రొమ్ముటెముక కింది మూడో భాగంలో, ఛాతీ మందంలో మూడో వంతు లోతు. మూడు నొక్కులకి ఒక ఊపిరి, నిమిషానికి 90 నొక్కులు, 30 ఊపిర్లు. "వన్ అండ్ టూ అండ్ త్రీ అండ్ బ్రీత్ అండ్". ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్ 120 మీద పెట్టుకుని దిండు మీద సాధన చెయ్యి, ఒక్కో టిక్కుకి ఒక్కో పని. నొక్కే మనిషే పైకి లెక్కపెట్టాలి, ఊపిరి ఇచ్చే మనిషి ఆ లెక్కకి కలవాలి. కంప్రెషన్ మొదలవగానే ఆక్సిజన్ 100 శాతం చెయ్యాలి, దీన్ని పదిమందిలో ఆరేడుగురు మర్చిపోతారు. మధ్యమధ్యలో ఆపి చూడొద్దు, 60 సెకన్లయ్యాకే హార్ట్ రేట్.

అడ్రినలిన్ మన దగ్గర దొరికే ఆంపూల్ ఒక మిల్లీలీటరులో ఒక మిల్లీగ్రాము ఉంటుంది. దాన్ని అలాగే వాడకూడదు. ఒక మిల్లీలీటరుకి తొమ్మిది మిల్లీలీటర్ల నార్మల్ సెలైన్ కలిపితే 1:10,000 అవుతుంది, డోసులన్నీ దీని మీదే. ఎన్‌ఆర్‌పీ పుస్తకం ఎనిమిదో ఎడిషన్ ప్రకారం బొడ్డుసిర ద్వారా అయితే కిలోకి 0.2 మిల్లీలీటర్లు, మూడు కిలోల బిడ్డకి 0.6. వెనకే మూడు మిల్లీలీటర్ల సెలైన్ ఫ్లష్. లైన్ దొరికేలోపు ట్యూబ్‌లో ఇవ్వాల్సి వస్తే కిలోకి ఒక మిల్లీలీటరు, అంటే అదే బిడ్డకి మూడు. ఈ రెండు డోసులకీ సిరంజిలు వేరువేరు సైజులవి పెట్టుకుని, రెండింటి మీదా పేరు, దారి రాసి పెట్టు. తారుమారైతే అయిదింతల తేడా. ఆర్డర్ డాక్టరుదే, కానీ కలిపేది నువ్వే, ఎంత కలిపావో, ఎంత ఇచ్చావో పైకి చెప్పు. రక్తం పోయిన బిడ్డకి సెలైన్ కిలోకి 10 మిల్లీలీటర్లు, అయిదు నుంచి పది నిమిషాల్లో, తొందరపడి తోసెయ్యకూడదు.

నెలలు తక్కువ బిడ్డ సీనారియో కూడా తప్పకుండా వస్తుంది. 32 వారాల లోపు అయితే తుడవకుండానే మెడ దాకా ప్లాస్టిక్ కవర్‌లో పెట్టడం, టోపీ, గది ఏసీ తగ్గించి 23 నుంచి 25 డిగ్రీలు. ఏసీ సంగతి నువ్వు నోటితో అంటే చాలు, పరీక్ష పెట్టేవాళ్ల మొహం వెలిగిపోతుంది.

ఇక పుస్తకం. రెండో వారం నుంచి తెరువు. ఫ్లోచార్ట్ ఒక్కటి పెద్ద చార్టు మీద నీ చేత్తో, నీ తెలుగులో గియ్యి. అందులోని పదాలు నువ్వు రోజూ వాడేవే, హార్ట్ రేట్, సక్షన్, ట్యూబ్, వాటిని అనువదించుకోకు, మధ్యలో వాక్యాలు మాత్రం నీ మాటల్లో రాసుకో. చాప్టర్ చివర ఉండే ప్రశ్నలు చెయ్యి, రాత పరీక్ష ప్రశ్నలు ఇంచుమించు అదే ధోరణిలో ఉంటాయి: ఒక బిడ్డ పరిస్థితి చెప్పి తర్వాత ఏం చేస్తావని. జవాబు తేలనప్పుడు ముందు ఊపిరి సరిగ్గా అందుతోందా అన్న ఆప్షన్ వెతుక్కో, చాలాసార్లు అదే. కోర్సు వాళ్లు ఏ ఎడిషన్ వాడుతున్నారో మాత్రం ముందే ఫోన్ చేసి అడుగు. నేనిక్కడ చెప్పిన అంకెలు ఎనిమిదో ఎడిషన్‌వి, అది 2021లో వచ్చింది. 2025 అక్టోబరులో అమెరికా వాళ్లు కొత్త మార్గదర్శకాలు ఇచ్చారు, బాగా ఏడ్చే బిడ్డకి బొడ్డుతాడు కనీసం 60 సెకన్లు ఆగి కట్ చెయ్యాలన్నది అందులో ఉంది, పాత పుస్తకంలో 30 నుంచి 60 అని చూస్తావు. మీ వాళ్లు ఏది చెబితే పరీక్షలో అదే రాయి. నువ్వు ఇదివరకే ఎన్‌ఎస్‌ఎస్‌కే ట్రైనింగ్ చేసుంటే, అదే 2009లో కేంద్రం మొదలుపెట్టిన నవజాత శిశు సురక్షా కార్యక్రమం, ఆ పుస్తకం ఇంట్లో ఎక్కడో ఉంటుంది, దుమ్ము దులిపి ముందు అది చదువు, పునాది అంతా అందులోనే ఉంది.

గల్ఫ్ మాట. అక్కడ చాలా ఆసుపత్రులు అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వారి ఎన్‌ఆర్‌పీ కార్డు అడుగుతాయి, దానికి రెండేళ్లే గడువు. మన దగ్గర పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ నడిపే కోర్సు వేరు కార్డు. నిన్ను తీసుకునే ఆసుపత్రినే రాతపూర్వకంగా అడుగు, ఏజెంట్ మాట నమ్మి డబ్బు కట్టకు. బ్రిటన్ వెళ్లాలనుకుంటే అక్కడ ఇలాంటి కోర్సు పేరు ఎన్‌ఎల్‌ఎస్, మొదట్లోనే రెండు మూడు సెకన్ల పొడుగు ఊపిర్లు అయిదు ఇస్తారు, మన బ్రీత్-టూ-త్రీతో కలిపి చదివితే రెండూ చెడతాయి, ఒకటయ్యాకే ఇంకోటి. ఇంకో చిన్న సంగతి, ఈ కార్డు కోర్సు పూర్తిచేశావని మాత్రమే చెబుతుంది, చేతిలో పనితనం ఉందని హామీ ఇవ్వదు. ఆర్నెల్లు బ్యాగ్ పట్టకపోతే నా చెయ్యే మొద్దుబారుతుంది, అందుకే మా యూనిట్‌లో నెలకోసారి టీ టైములో బొమ్మ బయటికి తీస్తాం.

రేపు డ్యూటీకి వెళ్లగానే మీ వార్మర్ దగ్గర రెండు సైజుల మాస్కులూ ఉన్నాయో లేదో, సక్షన్ 80 నుంచి 100 మిల్లీమీటర్ల మెర్క్యురీ మధ్య లాగుతోందో లేదో, బ్యాగ్ అరచేతికి తగులుతోందో లేదో చూసి ఇక్కడ రాయి. 0 సైజు మాస్క్ లేకపోతే అదీ రాయి, ఇండెంట్‌లో ఏ పేరుతో పెడితే స్టోర్ వాళ్లు తొందరగా ఇస్తారో చెబుతాను.